మార్కులు బాగానే వస్తున్నాయి, కాదని చెప్పడమే రావడం లేదు

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. చదువులో ఎప్పుడూ ముందుంటాడు. కానీ స్నేహితులు ఏది అడిగినా కాదనలేడు. నెల ఖర్చులకని ఇచ్చిన డబ్బంతా ఈమధ్య ఒక స్నేహితుడి చేతిలో పెట్టేసి, పోయిందని మాకు అబద్ధం చెప్పాడు. నిలదీస్తే గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. చిన్న మాటకే విసుక్కుంటాడు, లేకపోతే రోజంతా మౌనంగా ఉంటాడు. తన పనులు తాను చేసుకోవడం అలవాటు కాలేదు, బడి బ్యాగు ఇప్పటికీ నేనే సర్దుతాను. ‘ఈ వయసుకి మేము ఇంటి బాధ్యతలు మోశాం’ అంటూ వాళ్ల నాన్నగారు కోప్పడతారు. సెలవుల్లో వ్యక్తిత్వ వికాస తరగతులకు పంపితే మారతాడా?

జవాబు: మీరు రాసిన వాటిలో రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడండి. అబ్బాయి ఎవరికీ కాదని చెప్పలేడన్నది ఒకటి, అతని బ్యాగు ఇప్పటికీ మీరే సర్దుతున్నారన్నది రెండోది. ఈ రెంటికీ దగ్గరి సంబంధం ఉంది. ఏ పుస్తకం పెట్టుకోవాలి, ఎప్పుడు నిద్ర లేవాలి, దేనికి ఎంత ఖర్చు పెట్టాలి వంటి చిన్న నిర్ణయాలేవీ తన చేతికి రాని పిల్లవాడు, నలుగురు స్నేహితులు చుట్టూ నిలబడి అడుగుతున్నప్పుడు ఉన్నట్టుండి సొంత నిర్ణయం తీసుకోవాలంటే ఎక్కడి నుంచి తీసుకుంటాడు? ఇది మీ ప్రేమను తప్పు పట్టడానికి అంటున్న మాట కాదు. చదువుకు అడ్డం రాకూడదనే మీరు ఆ పనులన్నీ మీద వేసుకున్నారు. అయితే వాటితోపాటు అతనికి దక్కవలసిన అభ్యాసం కూడా మీ చేతుల్లోనే ఉండిపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పిల్లలకు బడుల్లో నేర్పవలసిన పది జీవన నైపుణ్యాలను గుర్తించింది. తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధను అర్థం చేసుకోవడం, నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం, సృజనాత్మకంగా ఆలోచించడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, మనసులోని మాటను స్పష్టంగా చెప్పడం, బంధాలను నిలుపుకోవడం, ఉద్వేగాలను, ఒత్తిడిని తట్టుకోవడం అన్నవి ఆ పది. వీటిలో ఏ ఒక్కటీ ఉపన్యాసం వింటే వచ్చేది కాదు. గట్టు మీద కూర్చున్నవాడికి ఈత ఎలా రాదో, ఇవీ అంతే.

పైగా ఈ వయసుకు తనదైన ఇబ్బంది ఒకటి ఉంది. లాభనష్టాలు బేరీజు వేసి తొందరపాటును ఆపే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇంచుమించు 25 ఏళ్లు పడుతుంది. ఉద్వేగాలకూ, మెప్పు కోసం తపించడానికీ సంబంధించిన భాగాలు మాత్రం కౌమారం మొదలవుతూనే చురుగ్గా పనిచేస్తాయి. 2005లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, కంప్యూటర్ మీద కారు నడిపే ఆటను కొందరి చేత ఒంటరిగానూ, కొందరి చేత స్నేహితుల సమక్షంలోనూ ఆడించారు. స్నేహితులు పక్కన ఉన్నప్పుడు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు తీసుకున్న ప్రమాదాలు బాగా పెరిగాయి, పెద్దవాళ్లలో ఆ తేడా చాలా తక్కువ. కాబట్టి మీ అబ్బాయి ఇంట్లో వివేకంగా మాట్లాడి, బయట తడబడటంలో వింత లేదు. నిర్ణయం అక్కడ తీసుకోవడం కష్టం గనుక, దాన్ని ఇంటి దగ్గరే ముందుగా తీసుకుని, మాటలతో సహా సాధన చేసుకుని వెళ్లడం అతనికి నేర్పాలి.

ఆ సాధన ఎలా ఉండాలో కాస్త వివరంగా చెబుతాను. ఇద్దరూ తీరికగా ఉన్నప్పుడు మీరే ఆ స్నేహితుడి పాత్ర తీసుకోండి. ‘ఈ ఒక్కసారికి సర్దరా, వచ్చే వారం ఇచ్చేస్తా’ అని అడగండి. అబ్బాయి మొదట సాకులు వెతుకుతాడు, ‘మా అమ్మ తిడుతుంది’ అంటాడు. అననివ్వండి, తొలిరోజుల్లో మీ పేరు వాడుకోవడానికి మీరే అనుమతి ఇవ్వండి. ఆ తర్వాత సాకు లేకుండా ‘ఈసారి ఇవ్వలేనురా’ అన్న మాట దగ్గరే ఆగడం నేర్పండి. కారణాలు చెప్పుకుంటూ పోతే ఎదుటివాడు ఒక్కొక్క కారణానికీ ఒక విరుగుడు చెబుతాడు. ‘నువ్వూ ఒక ఫ్రెండువేనా?’ అని మీరు రెట్టించినప్పుడు, గొంతు పెంచకుండా, మొహం చూస్తూ అదే మాట మళ్లీ అని, వేరే విషయంలోకి వెళ్లిపోవాలి. తర్వాత పాత్రలు మార్చుకోండి. అడిగే స్థానంలోకి వచ్చి చూస్తే, ఎదుటివాళ్లు తన మొహమాటాన్ని ఎలా వాడుకుంటున్నారో అతనికే తెలిసివస్తుంది.

ఇంతకంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. డబ్బు మొహమాటానికి ఇచ్చాడా, బెదిరిస్తే ఇచ్చాడా? బెదిరింపు గనుక ఉంటే దాన్ని పిల్లవాడి నైపుణ్యానికి వదిలేయకూడదు. పెద్దవాళ్లు వెంటనే బడివారితో మాట్లాడి ఆపించాలి. ఇది కనుక్కోవడానికి తలుపు దగ్గర నిలబడి ప్రశ్నించవద్దు. ఇద్దరూ కలిసి నడుస్తున్నప్పుడో, ఏదైనా పని చేసుకుంటున్నప్పుడో అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగినప్పటి కంటే అప్పుడే ఈ వయసు పిల్లలు ఎక్కువగా మాట్లాడతారు. ‘డబ్బు ఎక్కడికి వెళ్లిందో నాకు తెలుసు. నాకు చెప్పడానికి ఎందుకు భయం వేసిందో తెలుసుకోవాలని ఉంది’ అని చెప్పి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. అబద్ధం తప్పేనని స్పష్టంగా చెప్పండి, నిజం చెప్పినందుకు మాత్రం శిక్ష వేయకండి. ఒకసారి నిజానికి శిక్ష పడిందంటే తర్వాతి అబద్ధం ఇంకా పకడ్బందీగా వస్తుంది. పోయిన డబ్బును భర్తీ చేయకండి. నెలాఖరు దాకా ఉన్నదానితోనే ఎలా నెట్టుకురావాలో అతన్నే ఆలోచించనివ్వండి. బెదిరించి తీసుకున్నారని తేలితే మాత్రం ఆ భారం అతని మీద వేయకూడదు.

బ్యాగు సర్దుకోవడం, తనంతట తాను లేవడం, తన ఖర్చుల లెక్క రాసుకోవడం, ఈ మూడింటినీ అతనికి అప్పగించండి. ఏదో ఒక రోజు నోటుబుక్కు మరచిపోతాడు. ఆ రోజు మీరు దాన్ని పట్టుకుని బడికి పరుగెత్తకూడదు. తల్లిగా మీకు అన్నిటికంటే కష్టమైన పని ఇదేనని తెలిసే చెబుతున్నాను.

గదిలోకి వెళ్లి తలుపేసుకోవడాన్ని అవమానంగా తీసుకోకండి. కోపం వచ్చినప్పుడు అక్కడి నుంచి పక్కకు వెళ్లడం మంచి పద్ధతే. కాకపోతే ‘నాకు కోపంగా ఉంది, కాసేపాగి మాట్లాడతాను’ అని చెప్పి వెళ్లాలి, చెప్పినట్టే తిరిగి రావాలి. నిద్రను కూడా గమనించండి. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో శరీరంలోని గడియారం వెనక్కి జరిగి రాత్రి ఆలస్యంగా గాని నిద్ర రాదు, ఆపైన ఫోను తోడైతే మర్నాటి విసుగుకు వేరే కారణం వెతకనక్కరలేదు.

రెండు వారాలకు మించి దిగులుగా ఉంటున్నా, ఇష్టమైన ఆటపాటలు మానేసినా, నిద్ర, ఆకలి బాగా మారిపోయినా మానసిక వైద్య నిపుణులకు చూపించండి. ‘నేను లేకపోతేనే నయం’ అన్న ధోరణిలో మాట్లాడినా, ఒంటి మీద తాను చేసుకున్న గాయాలు కనిపించినా ఒక్క రోజు కూడా ఆగవద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది.

వాళ్ల నాన్నగారితో మీరు మాట్లాడవలసింది ఒకటుంది. ‘ఈ వయసుకి మేము’ అంటూ మొదలయ్యే మాట పిల్లవాడి చెవికి నువ్వు పనికిరావన్నట్టే వినిపిస్తుంది. ఆ వయసులో తాను ఎక్కడ తడబడ్డారో, ఎవరికి లొంగిపోయారో, తర్వాత ఎలా సర్దుకున్నారో చెబితే అదే అనుభవం కొడుక్కి ఆసరా అవుతుంది. కోపంలో ఎప్పుడైనా నోరు జారితే, ఆ తర్వాత ‘నేను అలా అరవకుండా ఉండవలసింది’ అని తండ్రి తానే అంటే, ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడం గురించి అంతకు మించిన పాఠం ఏ తరగతిలోనూ దొరకదు.

తరగతుల విషయానికి వస్తే, వేదిక మీద ఒకరు మాట్లాడుతుంటే వందలమంది చప్పట్లు కొట్టే రకమైతే పంపవద్దనే నా సలహా. ఆ ఉత్సాహం బడి తెరిచేదాకా కూడా నిలవదు. పిల్లలను చిన్న జట్లుగా చేసి సందర్భాలను నటింపజేస్తారా, కొన్ని వారాల పాటు కొనసాగిస్తారా, తల్లిదండ్రులతోనూ మాట్లాడతారా అని కనుక్కోండి. అవన్నీ ఉంటే అబ్బాయికి వివరాలు చూపించి, ఇష్టమేనా అని అడగండి. ఆలోచించుకుని వద్దంటే, బతిమాలకుండా, అలగకుండా ఆ మాటను ఒప్పుకుని, ఈ సెలవులకు ఆ సంగతి అక్కడితో వదిలేయండి.