తల దెబ్బ తర్వాత ఆందోళన, 'నేచురల్' క్యాప్సూళ్లు: ఏ ఖర్చు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. రొయ్యల చెరువు కౌలుకు చేస్తాను. నాలుగు నెలల క్రితం చించినాడ వంతెన దిగి బండి మీద వస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. కాసేపు స్పృహ తప్పింది. ఎఫ్ఐఆర్ అయింది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదు, కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అని చెప్పి మందులిచ్చి పంపారు. తలనొప్పి తగ్గింది గానీ గుండె దడ, నిద్ర పట్టకపోవడం పోలేదు. వెనక హారన్ వినిపిస్తే ఒళ్లంతా చెమటలు. డాక్టరు రాసిన మాత్రలు అలవాటైపోతాయని భయమేసి, వాట్సాప్ గ్రూపులో 'తల దెబ్బ తర్వాత వచ్చే టెన్షన్‌కు నేచురల్ పరిష్కారం' అని చూసి మూడు నెలల కోర్సు రూ.9,600 పెట్టి కొన్నాను. అమ్మినాయన ఆ మాత్రలు ఆపేయమన్నాడు. ఆపాక దడ ఇంకా ఎక్కువైంది. ఆరు వారాలకు కళ్లు పచ్చబడ్డాయి, రక్తపరీక్షలో లివర్ తేడా వచ్చింది. ఈ ఖర్చంతా కారు ఇన్సూరెన్సు మీద వేయొచ్చా? నా అంతట నేను వాడినందుకు కేసు పోతుందా? అమ్మినవాళ్లను ఏం చేయొచ్చు?

జవాబు: కేసు సంగతి తర్వాత, ముందు ఆ క్యాప్సూళ్లు ఈరోజే ఆపండి. సీసాను లేబులుతో సహా డాక్టరు ముందు పెట్టి, ఎన్నాళ్లు వాడారో, ఏ మాత్ర ఏ తేదీన ఆపేశారో చెప్పండి. కొన్ని ఆందోళన మాత్రలు ఒక్కసారిగా ఆపితే దడ రెట్టింపవుతుంది, ఫిట్స్ రావడం కూడా ఉంది. అలాగని లివర్ తేడాగా ఉండగా మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు. అశ్వగంధ వాడినవారిలో అరుదుగా లివర్ దెబ్బతిన్న సంగతి వైద్యులు నమోదు చేశారు. జింకో అనే మూలిక రక్తం గడ్డకట్టడానికి అడ్డుపడవచ్చు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మరో మూలికను డిప్రెషన్ మాత్రలతో కలిపితే ప్రమాదం. మీ సీసాలో ఏముందో తెలిస్తేనే డాక్టరు దేన్నైనా తేల్చగలరు. డాక్టరు వద్దకు వెళ్లేలోపు రాత్రి దడ పట్టి తట్టుకోలేకపోతే 14416 టెలీ మానస్‌కు (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) చేయండి, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ రోజు డాక్టరు చీటీలో రాసే నాలుగు ముక్కలే రేపు మీకు సాక్ష్యం కూడా.

మీకున్నవి రెండు వేర్వేరు కేసులు. కలిపితే రెండూ చెడతాయి.

మొదటిది ప్రమాదం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లున్నాయి, అయినా వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. మీరు నివాసం ఉండే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. కారు యజమాని, డ్రైవరు, ఇన్సూరెన్సు కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివర నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. స్టేషన్‌కు వెళ్లి పంపారో లేదో కనుక్కుని నకలు అడగండి.

కంకషన్ కేసుల్లో ఇన్సూరెన్సు లాయరు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: 'స్కాన్ మామూలుగా ఉంది కదా, ఇంకేం జబ్బు?' సీటీ స్కాన్ తీసేది రక్తస్రావం, ఎముక విరగడం చూడడానికి. కంకషన్ అందులో కనబడదు. దాన్ని తేల్చేది మొదటి రోజు కాగితాలు. ఆ ఆస్పత్రికి వెళ్లి కేస్ షీటు మొత్తం నకలు తీసుకోండి, డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. స్పృహ తప్పిందని, వాంతి అయిందని, జరిగింది గుర్తులేదని, జీసీఎస్ (స్పృహ స్థాయిని కొలిచే స్కోరు) ఎంతని నర్సు రాసిన వరుస అందులోనే ఉంటుంది. గాయాల సర్టిఫికెట్‌లో 'సింపుల్' (స్వల్ప గాయం) అని రాసి ఉంటే కంగారు పడొద్దు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 116 ప్రకారం 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పి ఉన్నా, రోజువారీ పని చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. పాత చట్టంలో ఇది 20 రోజులు, ఇప్పటికీ కొందరు ఆ లెక్కే చూస్తున్నారు. మీకు వైద్యం చేసిన డాక్టరు చేత ఎన్ని రోజులు పనికి వెళ్లలేదో రాయించి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. పరిహారం లెక్కకు ట్రిబ్యునల్ 'సింపుల్' అన్న ఆ ఒక్క మాటకే కట్టుబడి ఉండదు.

ఆందోళనకు సైకియాట్రిస్టు రాత కావాలి. 'టెన్షన్‌గా ఉంది' అన్న మీ మాట కన్నా, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, ప్రమాదంతో సంబంధం ఏమిటి, ఎన్నాళ్లు వైద్యం కావాలి అన్న ఆయన అభిప్రాయానికి బరువు ఎక్కువ. ఆ డాక్టరు ట్రిబ్యునల్‌కు వచ్చి సాక్ష్యం చెప్పాల్సి రావచ్చని ముందే అడిగి ఉంచండి. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్దుల ప్రకారం వైద్యం, రాకపోకలు, పోషకాహారం, ఆదాయ నష్టం, భవిష్యత్ వైద్యం, బాధ, జీవన సౌఖ్యం కోల్పోవడం అన్నీ విడివిడిగా అడగవచ్చు. మీ విషయంలో ఆదాయ నష్టమే పెద్దది. కౌలు పత్రం, మేత బిల్లులు, గత పట్టుబడుల బిల్లులు తీయండి. రాత్రిళ్లు ఏరియేటర్లు వేయడానికి, కాపలాకు మీ బదులు మనిషిని పెట్టి ఉంటే అతనికిచ్చిన కూలిని సంతకంతో రాయించండి. చాలామంది రైతులు ఇది అడగడమే మరిచిపోతారు.

ఇక ఆ రూ.9,600. దాన్ని కారు ఇన్సూరెన్సు మీద వేయొద్దని నా సలహా. చీటీ లేకుండా కొన్న సరుకును వైద్య ఖర్చుగా ఒప్పించడం కష్టం. పైగా 'డాక్టరు రాసిన మాత్రలు ఆపి జబ్బు పెంచుకున్నది తనే' అని ఇన్సూరెన్సు వాళ్లు వాదించడానికి మీరే దారి వేసినట్టవుతుంది. అలాగని దాచకండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మీ మిగతా సాక్ష్యాన్నీ అనుమానిస్తారు. ఆపక ముందు నుంచే దడ, నిద్రలేమి ఉన్నాయని మొదటి చీటీలు చూపిస్తే ప్రమాదం వల్ల వచ్చిన భాగం నిలుస్తుంది, కేసు పోదు. సైకియాట్రిస్టు ఫీజులు ప్రమాదం కేసులోకి, లివర్ ఖర్చు, క్యాప్సూళ్ల ఖరీదు రెండో కేసులోకి. ఒకే బిల్లు రెండు చోట్లా పెట్టకూడదు. మీకు సొంత ఆరోగ్య పాలసీ ఉన్నా సప్లిమెంట్లకు డబ్బు రాదు, ఆస్పత్రిలో చేరిన చికిత్సలో భాగంగా డాక్టరు రాస్తే తప్ప. ఆ మినహాయింపు పాలసీ పుస్తకంలో ఎక్స్‌క్లూజన్ 14గా ఉంటుంది.

రెండో కేసు వినియోగదారుల కమిషన్‌లో. సీసా వెనక చూడండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉంటే అది చట్టం దృష్టిలో ఆహారం. హెల్త్ సప్లిమెంట్ల మీద 'వైద్య వినియోగానికి కాదు' అని ముద్రించడం తప్పనిసరి, జబ్బు నయం చేస్తుందని చెప్పి అమ్మకూడదు. ఫిర్యాదు జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి. ఆయుర్వేద తయారీ లైసెన్సు ఉంటే అది ఔషధం, ఫిర్యాదు ఆయుష్ శాఖకు. ఆ ప్రకటన విషయానికొస్తే, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలులో మెదడు జబ్బులు, నరాల బలహీనత రెండూ ఉన్నాయి. వాటిని నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడమే నేరం. అమెరికాలోనూ ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కంకషన్‌ను నయం చేస్తుందని రుజువైన సప్లిమెంటు ఏదీ లేదని 2014లో ప్రజలను హెచ్చరించింది.

2019 వినియోగదారుల చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని ప్రత్యేక అధ్యాయమే ఉంది. తగిన హెచ్చరిక ఇవ్వకపోతే తయారీదారు సెక్షన్ 84 కింద బాధ్యుడు. గొలుసు వ్యాపారం ద్వారా అమ్మి ఉంటే, ఏజెంటు చెప్పిన మాటలకు మాకు సంబంధం లేదని కంపెనీ తప్పుకోవడాన్ని 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు ఒప్పుకోవు. ఇద్దరినీ పార్టీలుగా పెట్టండి. గడువు రెండేళ్లు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. చూసేది మీరు కట్టిన రూ.9,600నే గాని అడిగే పరిహారాన్ని కాదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నా మంచిదే.

ఇలాంటి కేసులు ఎక్కువగా ఓడేది సరుకు మిగలకపోవడం వల్ల. మూత సీలు తీయని సీసా ఒక్కటైనా ఉంటే దాన్ని తెరవకండి, మీరే ల్యాబుకు పంపకండి. కమిషనే సెక్షన్ 38 కింద సీలు వేసి పరీక్షకు పంపుతుంది, ల్యాబు ఫీజు మీరు కట్టాలి. అన్ని సీసాలూ తెరిచేసి ఉంటే బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనబడేలా ఫొటోలు తీసి అలాగే దాచండి. వాట్సాప్ గ్రూపు నుంచి బయటికి రావద్దు, ఫోను మార్చొద్దు. మాత్రలు ఆపేయమన్న మెసేజో వాయిస్ నోటో ఉంటే అదే మీ కేసుకు వెన్నెముక. దానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే పత్రం) జత చేయాలి. యూపీఐ చెల్లింపుకు స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టక బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. క్యాప్సూళ్ల వల్లే లివర్ దెబ్బతిందా అన్నది మాత్రం డాక్టరు తేల్చాలి. కామెర్ల వైరస్‌లు లేవని పరీక్షలు చేసి, ఆపాక లివర్ అంకెలు దిగాయని చూపిస్తే మీ వాదన గట్టిపడుతుంది.

నోటీసు అందగానే కంపెనీ వాళ్లు డబ్బు వాపసు ఇస్తామని ఫోన్ చేయవచ్చు. తీసుకోవచ్చు గానీ, రసీదు మీద 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న వాక్యం ఉంటే సంతకం పెట్టకండి. 'సరుకు ధర మాత్రమే ముట్టింది, ఆరోగ్య నష్టానికి నా హక్కు అలాగే ఉంది' అని మీ చేత్తో రాసి, ఫొటో తీసుకుని అప్పుడు ఇవ్వండి.