విజయదినాన నా చేతికిచ్చిన ఫొటో

రెండవ ప్రపంచ యుద్ధ విజయాన్ని రష్యా ప్రభుత్వం రాజకీయ ప్రచారానికి వాడుకుంటోందా, లేక ఆ దేశ ప్రజలు తమ మృతులను తలచుకోవడాన్నే బయటివారు ప్రచారం అంటున్నారా అని మీరు అడిగారు. వైద్యవిద్య కోసం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆరేళ్ళు గడిపిన అనుభవంతో చెబుతున్నాను: అక్కడి దుఃఖం కల్పితం కాదు. కాకపోతే ఆ దుఃఖంలో ఏ భాగం వీధిలోకి రావాలో, ఏది ఇంట్లోనే ఉండిపోవాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఈ సంగతి నాకు మొదట ఒక ప్లకార్డు వల్ల తెలిసింది.

2015 మే 9న, నాజీ జర్మనీపై విజయానికి డెబ్బై ఏళ్ళు నిండిన సందర్భంగా, నగరంలోని ప్రధాన వీధి నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ మీద ‘అమర దళం’ ఊరేగింపు జరిగింది. యుద్ధంలో పాల్గొన్న తాతముత్తాతల ఫొటోలు పట్టుకుని వారి కుటుంబాలు నడవడం దాని ఉద్దేశం. విదేశీ విద్యార్థులమైన మమ్మల్ని కూడా రమ్మని కళాశాల నుంచి కబురు వస్తే వెళ్ళాం. గోడకు ఆనించిన ప్లకార్డుల కట్టలోంచి ఒకటి తీసి నా చేతికిచ్చారు. ఇరవై దాటీ దాటని కుర్రాడి ఫొటో. టోపీ కాస్త పక్కకు ఒరిగి ఉంది, కింద ఇంటిపేరు, రెండు పొడి అక్షరాలు. పక్కన నడుస్తున్న ఒక పెద్దావిడ ఆ ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూసి, “ఈయన ఎవరు?” అని అడిగింది. తెలియదని చెప్పక తప్పలేదు. ఆవిడ ఏమీ అనకుండా తన చేతిలోని ఫొటోను నా వైపు తిప్పి, అది తన మేనమామదని, స్మొలెన్‌స్క్ దగ్గర పోయాడని చెప్పింది. ఊరేగింపు ముగిశాక మా ప్లకార్డులన్నిటినీ వెనక్కి తీసుకుని, వ్యానులో ఒకదానిపై ఒకటి పేర్చుకుని వెళ్ళిపోయారు.

నిజానికి ఆ ఊరేగింపును మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు. 2012లో సైబీరియాలోని తోమ్‌స్క్ నగరంలో టీవీ-2 అనే ప్రైవేటు చానెల్‌కు చెందిన ముగ్గురు పాత్రికేయులు, అధికారుల తంతుగా మారిపోయిన పండుగలో మామూలు కుటుంబాలకు చోటు ఉండాలని దీన్ని తలపెట్టారు. ఇందులో రాజకీయాలకూ వ్యాపార ప్రకటనలకూ తావు ఉండకూడదని నియమం పెట్టుకున్నారు. 2015 వచ్చేసరికి మాస్కోలో పుతిన్ తన తండ్రి ఫొటోతో ముందు వరుసలో నడిచారు. అదే ఏడాది మొదట్లో ఆ చానెల్ ప్రసారాలు ఆగిపోయాయి. పుతిన్ తండ్రి యుద్ధంలో గాయపడిన మాట నిజం, లెనిన్‌గ్రాడ్‌ను (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను) జర్మన్లు ముట్టడించినప్పుడు పుతిన్ అన్న పసివాడిగా చనిపోయిన మాటా నిజం. అందుకే ఆ దృశ్యాన్ని నాటకమని కొట్టిపారేయలేం, అంత తేలికగా కొట్టిపారేయలేకపోవడమే ఈ తరహా ప్రచారానికి బలం.

అలాగని ఏలినవారికి ఈ జ్ఞాపకం అన్నివేళలా అక్కరకు వచ్చిందనుకోకండి. స్టాలిన్ హయాంలో 1948 నుంచి మే 9 సెలవును తీసివేసి దాన్ని పనిదినంగా మార్చారు. గెలుపు ఖ్యాతి జుకోవ్ వంటి సేనానులకు దక్కడం ఆయనకు రుచించలేదని చాలామంది చరిత్రకారులు చెబుతారు. విప్లవం ఇచ్చిన వాగ్దానాల మీద జనానికి నమ్మకం పలచబడుతున్న కాలంలో, 1965లో, అప్పటి సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ ఆ సెలవును తిరిగి తెచ్చి రెడ్ స్క్వేర్‌లో కవాతు జరిపించారు. యుద్ధంలో సోవియట్ మృతుల సంఖ్య కూడా ఇలాగే ఏలికను బట్టి మారింది: 1946లో స్టాలిన్ 70 లక్షలన్నారు, కృశ్చేవ్ కాలంలో అది 2 కోట్లయింది, 1990లో గోర్బచేవ్ దాదాపు 2 కోట్ల 70 లక్షలని ప్రకటించారు. పోయినవారిలో చాలామంది, దాదాపు అర్ధశతాబ్దం పాటు, లెక్కలోకే రాలేదన్నమాట.

నేనున్న నగరం కథ ఇంకా విచిత్రమైనది. 872 రోజుల ముట్టడిని తట్టుకున్న లెనిన్‌గ్రాడ్ ప్రజలు యుద్ధం ముగియకముందే తమ కథను ప్రదర్శనగా పెట్టుకున్నారు, అది మ్యూజియంగా ఎదిగింది. నగరం తన సొంత బలంతో బతికి బట్టకట్టిందన్న కథ మాస్కోకు నచ్చలేదు. నగర నాయకులపై మోపిన ‘లెనిన్‌గ్రాడ్ కేసు’ పేరిట ముట్టడి నాటి నాయకుడు కుజ్నెత్సోవ్‌తో సహా పలువురిని 1950లో కాల్చి చంపారు. 1949లోనే మూతపడిన ఆ మ్యూజియం 1989లో గాని మళ్ళీ తెరుచుకోలేదు. ఈలోగా, 1960లో, పిస్కర్యోవ్‌స్కోయే శ్మశానాన్ని స్మారకంగా తీర్చిదిద్ది, దాని గోడ మీద ‘ఎవరినీ మరువలేదు, దేనినీ మరువలేదు’ అని చెక్కించారు. అక్కడి సామూహిక సమాధుల మీద పేర్లు ఉండవు, సంవత్సరం మాత్రమే ఉంటుంది: సైనికులైతే నక్షత్రం, పౌరులైతే కొడవలి సుత్తి. మొదటిసారి వెళ్ళినప్పుడు ‘1942’ అన్న రాయి ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేశాను.

నేను గది అద్దెకు తీసుకున్న ఇంటావిడ ఆ ముట్టడిలో చంటిపిల్ల. తండ్రి యుద్ధరంగంలో పోయాడు. ఒకసారి ఆవిడ వంటింటి త్రాసు మీద 125 గ్రాముల రొట్టె తూచి నా ముందు పెట్టింది. 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 వరకు పిల్లలకూ, పనిలో లేని పెద్దలకూ రోజుకు దొరికింది అంతే. నేను అనుకున్నదానికంటే ముక్క పెద్దదిగానే కనబడిందని అంటే ఆవిడ నవ్వింది. అప్పటి రొట్టెలో పిండి తక్కువ, పిప్పీ కలపగుజ్జూ నీళ్ళూ ఎక్కువ కనుక అదే తూకానికి ముక్క ఇంకా చిన్నదిగా ఉండేదని వాళ్ళమ్మ చెప్పేదట. మే 9న ఆ ఇంట్లో టీవీ పెట్టేవారు కాదు. గ్లాసు ఎత్తి, ఆ తరంవారందరూ అనే మాటే ఆవిడా అనేది: “లిష్ బీ నె బీల వయ్‌నీ”, అంటే యుద్ధమొక్కటి రాకపోతే చాలునని. వీధిలోకి వస్తే కార్ల అద్దాల మీద వేరే మాట కనిపించేది: “మోజెమ్ పవ్తరీత్”, కావాలంటే మళ్ళీ చేసి చూపిస్తామని. ఒకే యుద్ధం నుంచి పుట్టిన ఈ రెండు మాటల్లో పాలకులకు ఏది పనికివస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ తరువాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. 2020లో ‘చారిత్రక సత్యాన్ని’ కాపాడే బాధ్యతను రాజ్యాంగంలోనే చేర్చారు. స్టాలిన్ కాలపు బాధితుల వివరాలను దశాబ్దాల పాటు సేకరించిన మెమోరియల్ సంస్థను రద్దు చేయాలని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండు నెలలు తిరగకముందే ఉక్రెయిన్ మీద దాడికి చెప్పిన కారణాలలో ‘నాజీలను ఏరివేయడం’ ఒకటి. 1941లో తన ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్న కుటుంబానికి ఆ ఒక్క పదం చాలు, మిగతా వాదన ఎవరూ వినిపించనవసరం లేదు.

2023లో భద్రతా కారణాలు చూపి అమర దళం ఊరేగింపును రద్దు చేశారు. జనం ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయిన తమ పిల్లల ఫొటోలు పట్టుకుని వస్తారన్న భయమే అసలు కారణమని కొందరు పరిశీలకులు అన్నారు. ఆ రోజు మా ఇంటావిడకు ఫోన్ చేసి, ఈసారి మీ నాన్నగారి ఫొటో ఊరేగింపుకు వెళ్ళే వీలు లేదు కదా అన్నాను. ఆ ఫొటో ఎన్నడూ గాజు బీరువా దాటలేదని, తన తండ్రికి బతికున్న రోజుల్లో కూడా ఊరేగింపులంటే గిట్టేది కాదని వాళ్ళమ్మ అనేదని ఆవిడ చెప్పింది.