సారా జీపుని వెనక్కి పంపిన మా అవ్వ

"మీ అమ్మమ్మల్లో, నాయనమ్మల్లో ఊరికి ఉపయోగపడిన వాళ్ళున్నారా, ఉంటే ఏం చేశారు?" అన్న ప్రశ్న చూడగానే మా అవ్వ గుర్తొచ్చింది. అమ్మ వాళ్ళమ్మ. నెల్లూరు జిల్లా మెట్టలో కూలికి పోయి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. చెరువులో నీళ్ళుంటే నాట్లు, లేకపోతే శెనక్కాయలు పెరకడం, అదీ లేని రోజు కంప కొట్టి మోపులు అమ్మేది. తాత కూలి మాత్రం వచ్చింది వచ్చినట్టే సారా కొట్టుకి పోయేది.

1992లో మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్ళో వర్ధినేని రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్ళు సారా అమ్మకాన్ని అడ్డుకున్న సంగతి చాలామందికి తెలుసు. అప్పుడు జిల్లా అంతటా అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రిబళ్ళు నడిచేవి, ఆడవాళ్ళు రోజూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు దాంతోనే దొరికింది, ఉద్యమానికి అసలు బలం అదేనని నేను ఎవరితోనైనా వాదిస్తా. దూబగుంట వాళ్ళు చేశారంటే మనమెందుకు చెయ్యలేం అని మా ఊళ్ళో మొదట అడిగింది అవ్వేనని అమ్మ చెప్తుంది.

అమ్మకప్పుడు పద్నాలుగో పదిహేనో. మా ఊరి ఆడవాళ్ళు నాట్లేసి నేరుగా వచ్చారంట, చీరలు మోకాళ్ళ దాకా ఎగ్గట్టే ఉన్నాయి, కాళ్ళకి బురద ఆరిపోయి పెళ్ళలుగా రాలుతోంది, ఇళ్ళకి కూడా పోకుండా అట్లాగే కొట్టు ముందర బైఠాయించారు. చీకటి పడ్డాక ప్యాకెట్ల మూటలతో జీపు వచ్చింది. ఎవరూ లేవలేదు. కొట్టువాడు అందర్లోకి అవ్వని చూసి, "ఏమ్మా, మీ ఆయన బాకీ ఎంతుందో తెలుసా? ముందు అది కట్టి తర్వాత మాట్లాడు" అన్నాడంట. ఊరందరి ముందరా ఆ మాటకి అమ్మకి తలకాయ కొట్టేసినట్టైంది. అవ్వ మాత్రం కూర్చున్న చోటి నుంచి కదలకుండా "నాట్ల డబ్బులు రాంగానే నేనే కడతా, ఆ జీపు మాత్రం తిప్పుకోనీ" అంది. తాత ఆ గుంపు వెనకాలే నిలబడి వింటా ఉన్నాడు. ఆ రాత్రికి జీపు సరుకు దించకుండానే వెళ్ళిపోయింది.

బాకీ కూడా అన్నట్టే కట్టేసింది, అమ్మకి దాని మీద ఇప్పటికీ కోపమే. నాకూ కోపమే, కుటుంబాల్ని ముంచినవాడికి పైసా ఇవ్వక్కర్లేదు. అవ్వ లెక్క వేరు, రేపు వాడు ఇంకో ఆడమనిషిని అదే మాట అనకూడదు అనేది.

తర్వాత జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని సడలించేశారు. ఈ కథ ఎవర్ని అడిగినా ఏ ముఖ్యమంత్రి పెట్టాడు, ఏ ముఖ్యమంత్రి తీసేశాడు అనే చెప్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. కూలి పోగొట్టుకుని కొట్ల ముందర కూర్చున్న వాళ్ళ పేర్లు ఎక్కడ రాశారు? అవ్వ పోయినప్పుడు మావాళ్ళు వేయించిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో కూడా పైన వరసగా నాయకుల ఫొటోలు, అవ్వ ఫొటో ఒక మూల, కింద "సౌమ్యురాలు" అని. ఎంత గట్టి మనిషి ఆమె! మాట పడేది కాదు, ఎవర్నీ పడనిచ్చేది కాదు.

సారా ఆగాక నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి గ్రూపులు మొదలయ్యాయి, రోజుకో రూపాయి లెక్కన. మా వీధి గ్రూపు అవ్వే నడిపింది. నేను సెలవులకి పోయినప్పుడు తన వెంట ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. ఎవరి దగ్గరన్నా ఆ నెల లేకపోతే నలుగురిలో అడిగేది కాదు, తన డబ్బులు వేసేసి తర్వాత శెనక్కాయల పనికి తనతో పాటు పిలుచుకుపోయి ఆ కూలిలోంచి తీసుకునేది. పేరు మాత్రం ఎవరిది వాళ్ళే రాయాలి, వేలిముద్ర ఒప్పుకునేది కాదు, రాత్రిబడికి రానివాళ్ళకి తనే చెయ్యి పట్టి దిద్దించేది. ఆ గ్రూపు ఇప్పటికీ నడుస్తోంది, లెక్కలు మా పిన్ని చూస్తోంది.