షుగర్ ఉంది, అరికాళ్లు మండుతున్నాయి.. కిడ్నీలు, కళ్లు బాగానే ఉన్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 51. తొమ్మిదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వేసుకుంటున్నాను. పరగడుపున ఎప్పుడు చూపించుకున్నా 130 దగ్గరే ఉంటోంది. ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ మాత్రం 8.6 వచ్చింది. రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయి, తిమ్మిర్లు ఎక్కుతున్నాయి. క్రియాటినిన్ 0.9. చూపు బాగానే ఉంది. అంటే కిడ్నీలకు, కళ్లకు ఏమీ కానట్టేనా?
- ఓ పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ముందు మీ పాదాల గురించే చెబుతాను. మీ లక్షణాలను బట్టి షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం మొదలైందని అనుమానించాలి. కొందరిలో కొన్నాళ్లకు మంట దానంతటదే తగ్గుతుంది. నయమైందని సంతోషిస్తారు, కానీ అప్పటికి స్పర్శే పోయి ఉంటుంది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియదు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు ముదిరాక వచ్చినవాళ్లకు వేలు తీసేయాల్సి వస్తుందని చెప్పడం ఏ డాక్టర్‌కైనా కష్టమే. రోజూ పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. కనిపించకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. ఇంట్లోనూ చెప్పులు వేసుకోండి. మంటలు తగ్గుతాయని వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దు, వేడి ఎంతుందో తెలియక బొబ్బలెక్కుతాయి. ఆనెలను బ్లేడుతో కోసుకోవద్దు. చిన్న పుండు కనిపించినా, నొప్పి లేకపోయినా, అదే రోజు డాక్టర్‌కు చూపించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బీ12 తగ్గి కూడా తిమ్మిర్లు రావచ్చు కాబట్టి ఆ పరీక్ష చేయించండి.

పరగడుపున 130 ఉన్నా హెచ్‌బీఏ1సీ 8.6 ఎందుకొచ్చిందంటే, అది గత రెండు మూడు నెలల సగటు. మీకు బహుశా తిన్న తర్వాత షుగర్ బాగా పెరుగుతోంది. వారం పాటు టిఫిన్, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసి రాసిపెట్టుకోండి. 180 దాటుతుంటే అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. తిన్నాక పావుగంట నడవండి. మాత్రలు మాత్రం సొంతంగా పెంచొద్దు, గ్లిమెపిరైడ్ ఎక్కువైతే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆ కాగితం తీసుకెళ్తే మందులు ఎలా మార్చాలో మీ డాక్టర్‌కు తేలిగ్గా తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీ 7 దగ్గరికి తేవాలి. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవారికి కళ్లు, కిడ్నీల వంటి చోట్ల సన్న రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయని 1998లోనే తేలింది.

క్రియాటినిన్ 0.9 చూసి నిశ్చింతగా ఉండొద్దు. కిడ్నీ పనితీరు చాలావరకు తగ్గేదాకా అది నార్మల్‌గానే కనిపించవచ్చు. అంతకన్నా ముందే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం మొదలవుతుంది. అందుకే మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష ఏటా చేయించాలి. 30 దాటితే మళ్లీ చేయించి నిర్ధారించుకోవాలి. అప్పుడు కిడ్నీలను కాపాడే మందులు ఉన్నాయి. బీపీ 130/80 లోపు ఉండాలి. కాళ్ల మంటలకని మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వాడొద్దు, అవి కిడ్నీలకు చేటు.

కళ్ల విషయంలోనూ అంతే. కంటి లోపలి వెనక పొర రెటీనా దెబ్బతింటున్నా చాలాకాలం చూపు తగ్గదు, నొప్పీ ఉండదు. కళ్లద్దాల షాపులో అక్షరాలు చదివించే పరీక్షతో ఇది బయటపడదు. చుక్కల మందు వేసి కంటిపాప పెద్దదయ్యాక రెటీనా చూడాలి. తొమ్మిదేళ్లలో ఒక్కసారీ చేయించుకోలేదంటే ఈ నెలలోనే వెళ్లండి. ఆ రోజు కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి బండి మీద వెళ్లకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.