సున్నా చేసే ముందు

చి. బుజ్జికి, బాబాయి ఆశీస్సులు.

ఆదివారం రాత్రి డేటాబేసు గణాంకాలన్నీ సున్నా చేసి, సోమవారం నుంచి ఏ క్వెరీ (డేటాబేసుకి పంపే ప్రశ్న) ఎంత సమయం తింటోందో లెక్క తీస్తావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అంత పని నీ చేతికిచ్చారంటే కడుపు నిండింది. 'అన్నీ సున్నా' అన్న మాట దగ్గరే గుండె గుభేలుమంది.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్‌లో క్వెరీల పద్దు రాసేది పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే అదనపు భాగం. షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో చేర్చి, సర్వర్ రీస్టార్ట్ చేసి, ఎక్స్‌టెన్షన్ క్రియేట్ చేయడం నీకు తెలిసిందే. ట్రాక్_ఐఓ_టైమింగ్ కూడా ఆన్ చేయి, లేకపోతే డిస్కు దగ్గర పోయిన సమయం కనబడదు.

ఇక అసలు సంగతి. పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్_రీసెట్ ఒకటి, పీజీ_స్టాట్_రీసెట్ ఒకటి. పేర్లలో ఒక్క మాటే తేడా. మొదటిది క్వెరీల పద్దు చెరిపి ఊరుకుంటుంది. రెండోది ఆ పద్దుని ముట్టుకోదు, ఆ డేటాబేసులోని టేబుళ్ల, ఇండెక్సుల లెక్కలు తుడిచేస్తుంది. మార్చినా, తీసేసినా టేబుల్లో మిగిలిపోయే పాత వరసల్ని, అంటే చచ్చిన వరసల్ని, తనంతట తానే ఊడ్చేది ఆటోవాక్యూమ్. అది ఏ టేబుల్ ఎప్పుడు ఊడవాలో తేల్చుకునేది ఆ లెక్కలు చూసే.

కోటి వరసల ఆర్డర్ల టేబుల్ ఉందనుకో. డిఫాల్ట్ సెట్టింగుల్లో 50కి తోడు 20 శాతం, అంటే 20,00,050 చచ్చిన వరసలు దాటితేనే వాక్యూమ్ మొదలవుతుంది. 18 లక్షలు పోగయ్యాక నువ్వు రీసెట్ కొట్టావు. చెత్త ఉన్నచోటే ఉంది, పద్దులో మాత్రం సున్నా. ఇంకో 10 లక్షల వరసలు మారి, అనలైజ్ (టేబుల్‌ని శాంపిల్ చూసి అంచనాలు కట్టే పని) తనంతట తాను నడిచి చెత్తని మళ్లీ లెక్కపెట్టేదాకా చీపురు రాదు. అప్పటికి సుమారు 28 లక్షలు. 10 శాతం మార్పుకు నడవాల్సిన ఆ అనలైజ్ కూడా వెనకబడుతుంది, క్వెరీ నడిపే దారి ఎంచుకునే ప్లానర్ పాత అంచనాలతో తప్పుడు దారి పడుతుంది. వేగం కొలుద్దామని కూర్చున్నదానివి, నువ్వే తెచ్చిన నిదానాన్ని కొలుస్తుంటావు! ఈ రీసెట్‌ని వారానికోసారి తానే నడిచేలా క్రాన్‌లో పెట్టేవాళ్లున్నారు, వాళ్లనేమనాలో నాకు తెలీదు. పెద్ద టేబుళ్లు ఆ గీత ఎప్పటికీ దాటకపోవచ్చు.

పొరపాటున కొట్టేశావనుకో, కంగారుపడకు తల్లీ. వెంటనే డేటాబేసు మొత్తానికి అనలైజ్ నడుపు. చచ్చిన వరసల అంచనా మళ్లీ పద్దుకెక్కుతుంది.

ఇండెక్సుల సంగతీ అంతే. రీసెట్ అయిన వారానికి ఐడీఎక్స్_స్కాన్ (ఆ ఇండెక్సు ఎన్నిసార్లు వాడారన్న లెక్క) సున్నా చూసి, వాడని ఇండెక్సు అని తీసేస్తే, నెలాఖరు రిపోర్టు రోజున ఏడవాలి. రెప్లికా (డేటాబేసు నకలు సర్వర్) తన లెక్క తానే రాసుకుంటుంది, అక్కడా చూడాలి.

అసలు సున్నా ఎందుకమ్మా? సోమవారం 10 గంటలకు పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ వ్యూని, అంటే క్వెరీల పద్దు చూపే పట్టికని, సమయంతో సహా ఒక టేబుల్లోకి కాపీ చేయి, 11కి మళ్లీ చేయి. క్వెరీ ఐడీ వారీగా కాల్స్ (ఎన్నిసార్లు నడిచింది), టోటల్_ఎగ్జెక్_టైమ్ (మొత్తం పట్టిన సమయం) తీసివేసి, సమయం తేడాని కాల్స్ తేడాతో భాగించు. ఆ గంట సగటు మిల్లీసెకన్లలో వస్తుంది. గరిష్ఠ, కనిష్ఠ సమయాలకు మాత్రం ఈ తీసివేత పనిచేయదు. అవి కావాలంటే 12వ వెర్షన్ నుంచి ఒక్క క్వెరీ ఐడీ ఇచ్చి దాన్నే రీసెట్ చేయొచ్చు, 17లో కనిష్ఠ గరిష్ఠాలను మాత్రమే చెరపొచ్చు. రెండు కాపీల మధ్య స్టాట్స్_రీసెట్ (పద్దు మొత్తం చివరిసారి చెరిపిన) సమయం మారిందేమో చూడు, మారితే ఆ తీసివేత చెల్లదు. డీఅలాక్ అనే లెక్క పెరుగుతుంటే, పద్దులో పట్టే క్వెరీల డిఫాల్ట్ 5,000 హద్దు చాలక తక్కువసార్లు నడిచిన క్వెరీలు పద్దులోంచి జారిపోతున్నట్టే.

ఆదివారం రాత్రి ఎంటర్ కొట్టేముందు ఆ కమాండ్ నాకు పంపు. మెలకువగానే ఉంటాను.

మీ బాబాయి