హైదరాబాద్‌లో ఓటింగ్ ఎందుకంత తక్కువ? చదువుకున్నవాళ్లకి ప్రజాస్వామ్యం మీద నమ్మకం పోయిందా?

నమ్మకం పోయిందని నేననుకోను. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ స్థానంలో 48 శాతం పోలైతే, పక్కనే ఉన్న భువనగిరిలో 76 శాతం దాటింది. అదే మే 13న ఆంధ్రలోనూ పోలింగ్. దానికి రెండు రోజుల ముందు నుంచే విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరాయి. ఇక్కడే ఉంటూ, ఓటు మాత్రం ఊళ్లో ఉంచుకున్నవాళ్లే అందులో చాలామంది.

ఎందుకంటే ఊళ్లో ఓటుకి ముఖం ఉంటుంది. మా అమ్మ పొద్దున ఆరున్నరకే లైన్లో నిలబడుతుంది. ఆమె రాకపోతే మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు ఆటో వేసుకొచ్చి "రావేంటి పెద్దమ్మా?" అంటారు. పింఛన్ ఆగినా, రోడ్డు పాడైనా ఎవరింటికి వెళ్లి అడగాలో ఆమెకి తెలుసు. నాకు మా కార్పొరేటర్ పేరు గుర్తుపట్టడమే కష్టం. అపార్ట్‌మెంట్‌లో నీళ్లు రాకపోతే ట్యాంకర్‌కి ఫోన్ చేస్తాం, ఎమ్మెల్యేకి కాదు.

ఇంకోటి, అద్దె ఇల్లు మారినవాళ్ల పేర్లు, రెండుచోట్ల ఓటున్నవాళ్ల పేర్లు జాబితాలో అలాగే ఉండిపోతాయి. దాంతో శాతం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

"నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే" అనేవాళ్లకి మాత్రం అనకాపల్లి గుర్తుచేస్తాను. 1989లో అక్కడ కొణతాల రామకృష్ణ ఎంపీగా గెలిచింది 9 ఓట్ల తేడాతో.