మీ ప్రశ్న – డాక్టరమ్మ జవాబు

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 32 ఏళ్లు. ఒక బాబు. రెండు మూత్రపిండాలూ దెబ్బతిని, ఏడాదిగా వారానికి 3 సార్లు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి డయాలసిస్‌కు వెళ్తున్నాను. ఐదు నెలలు నెలసరి రాలేదు. ఇప్పుడు వస్తే 12 రోజులైనా ఆగడం లేదు. రొమ్ముల నుంచి పాలలాంటి చుక్కలు వస్తున్నాయి. ఒంట్లో వేడి అని అత్తయ్య రోజూ కొబ్బరి బొండం కొట్టించి ఇస్తున్నారు. డయాలసిస్ దగ్గర చెప్పాలంటే సిగ్గు. ఇక నాకు గర్భం రాదనే అనుకోవాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ బొండం ఆపండి. మీ అత్తగారిది ప్రేమే. నేనూ కోనసీమలోనే పుట్టాను, మా ఇంట్లో నీరసానికి బొండమే మందు. కానీ అందులో పొటాషియం ఎక్కువ. మీ మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. ఈ నాలుగు మాటలూ ఆవిడకు చదివి వినిపించండి.

ఇది వేడి కాదు. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నెల మధ్యలో ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను ఒక్కసారిగా వదిలితేనే అండం విడుదలవుతుంది. మూత్రపిండాలు చెడితే ఆ ఏర్పాటు గతి తప్పుతుంది. అండం విడుదల కాకపోతే, ఆ పొరను అదుపులో ఉంచే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ సరిగా తయారుకాదు. అప్పుడు గర్భాశయం లోపలి పొర నెలనెలా రాలకుండా నిలిచి, మందమై, ఒక్కసారిగా తెగుతుంది. ఐదు నెలలు రాకపోవడానికీ, 12 రోజులు ఆగకపోవడానికీ మూలం చాలావరకు ఇదే. అయినా గడ్డలేమైనా ఉన్నాయేమో తెలియాలి కనుక ఈ వారమే స్త్రీల వైద్యురాలి దగ్గర స్కానింగ్ చేయించుకోండి. పాల చుక్కలకు కారణం పాలు పట్టించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం కావచ్చు, దాన్ని రక్తంలోంచి తీసేసే పనిలోనూ మూత్రపిండాలకు వాటా ఉంది. వాంతులకు డాంపెరిడోన్ వాడుతుంటే అదీ పెంచుతుంది, ఆ చీటీ చూపించండి.

సిగ్గు సంగతే నన్ను బాధపెట్టింది. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఈ జబ్బులో రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు కూడా సరిగా పనిచేయవు. నెలసరిలో ఉన్నానని మీరు చెబితే ఆ రోజు హెపారిన్ తగ్గిస్తారు, అవసరమైతే మానేస్తారు. చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? ఇలాగే మూడు నెలలు దాచుకున్న ఒక అమ్మాయి హిమోగ్లోబిన్ 5కి పడిపోయాక నా దగ్గరికొచ్చింది. తెల్లగా పాలిపోయిన ఆ అరచేతులు నేను మరిచిపోలేదు. నోరు రాకపోతే చీటీ రాసి నర్సు చేతిలో పెట్టండి.

గర్భం రావడం అరుదు, అంతే. అసలే రాదనుకోకండి. ముఖ్యంగా మూత్రపిండ మార్పిడి జరిగితే కొద్ది నెలల్లోనే అండం విడుదల మళ్లీ మొదలుకావచ్చు. నెలసరి కనిపించకముందే గర్భం నిలవచ్చు. కొత్త మూత్రపిండాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా అప్పుడు వాడే మైకోఫినోలేట్ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. బిడ్డ కావాలనుకుంటే మార్పిడి తర్వాత సాధారణంగా ఏడాదైనా ఆగి, గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం 6 వారాల ముందే డాక్టరు చేత ఆ మందు మార్పించుకోవాలి. మార్పిడికి పేరు రాయించుకునే రోజునే, మీ ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ విషయం అడగండి.